జర్మనీ పోస్టింగ్ వచ్చింది. నా ఉద్యోగం సంగతేంటి?

విభాగం: అమెరికా సైన్యంలో తెలుగు కుటుంబాలు / విదేశీ బేస్‌లు

కూకట్‌పల్లి_కోడలు:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు తప్పడం లేదు.

మా ఆయన యూఎస్ ఆర్మీలో సార్జెంట్, ఈ-5. ప్రస్తుతం టెక్సాస్‌లో ఉన్నాం. బవేరియాలోని విల్సెక్‌కి ఆర్డర్స్ వచ్చాయి, కుటుంబంతో 36 నెలలు. ఆయనకి సంబరం, నాకేమో కడుపులో తిప్పుతోంది. నేను డాలస్‌లోని ఓ కంపెనీకి క్యూఏ ఆటోమేషన్ (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్) చేస్తాను, మొత్తం రిమోట్. జేఎన్‌టీయూలో బీటెక్, మాదాపూర్‌లో కొన్నాళ్లు పని, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టి ఈ సీటు దాకా వచ్చాను. ఆయన అమెరికా సిటిజన్, నాది గ్రీన్‌కార్డ్. పాపకి రెండేళ్లు.

ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి అక్కణ్ణుంచే ఇదే ఉద్యోగం చేసుకోవచ్చా? కుదరకపోతే బేస్‌లో నాలాంటివాళ్లకి ఏముంటుంది, కౌంటర్లో బిల్లులు కొట్టడం తప్ప? మూడేళ్ల గ్యాప్ తర్వాత నన్ను ఎవరు పిలుస్తారు?

అమ్మని అడిగితే "మూడేళ్లేగా, పిల్లని చూసుకో, తర్వాత చేద్దువుగానీ" అంది. అత్తగారిదీ అదే మాట. ఇంతమంది ఒకటే అంటుంటే తేడా నాలోనే ఉందేమో అనిపిస్తోంది.

బెజవాడ_బుల్లోడు:

ఇందులో అంత ఆలోచించేదేముంది సిస్టర్! టెక్సాస్‌లో ఫ్రెండ్ ఇంట్లో ఓ రూటర్ పెట్టండి, వీపీఎన్ వేసుకోండి, ట్రాఫిక్ అంతా అక్కణ్ణుంచే పోతుంది. మేనేజర్‌కి చెప్పకండి. డాలస్‌కీ జర్మనీకీ ఏడు గంటలే తేడా. మధ్యాహ్నం మూడింటికి కూర్చుంటే రాత్రి పదకొండుకి లేవొచ్చు. మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఇండియా వెళ్లినప్పుడు ఇలాగే లాగించేశారు, ఎవరికీ తెలీలేదు.

ఎన్‌సీఓ_శ్రీను:

బుల్లోడు గారూ, మీరు చెప్పేది సెలవు మీద ఇండియా వెళ్లినవాళ్ల సంగతి. ఇది వేరు. నేను యూనిఫాంలో ఉన్నవాణ్ణి, గ్రాఫెన్‌వోర్‌లో పనిచేసి వచ్చాను కాబట్టి చెబుతున్నా.

సైనికుడి కుటుంబం జర్మనీలో ఉండేది మామూలు వర్క్ వీసా మీద కాదు. విదేశంలో ఉండే సైన్యం హోదా గురించిన 1951 నాటి నాటో సోఫా ఒప్పందం, దానికి తోడుగా జర్మనీతో 1959లో కుదిరిన అనుబంధ ఒప్పందం, ఈ రెండింటి నీడలో ఉంటారు. సోఫా పదో ఆర్టికల్ జర్మన్ పన్ను నుంచి తప్పించేది సైన్యం ఇచ్చే జీతాన్ని. డాలస్‌లో ప్రైవేటు కంపెనీ ఇచ్చే జీతాన్ని కాదు. మనిషి విల్సెక్‌లో కూర్చుని టెస్ట్ స్క్రిప్టులు రాస్తోంది అంటే పని జర్మనీలో జరిగినట్టే కదా అని అక్కడి ట్యాక్స్ ఆఫీసు అడగొచ్చు. సోషల్ ఇన్సూరెన్స్ సంగతీ వస్తుంది, అది కంపెనీకి కూడా చుట్టుకుంటుంది. రైన్‌లాండ్-పలాటినేట్ వైపు కొందరు సైనికులకే, అదీ వాళ్ల ఆర్మీ జీతాన్ని కూడా కలిపి, నోటీసులొచ్చిన సంగతి స్టార్స్ అండ్ స్ట్రైప్స్ పత్రికలో చాలాసార్లు రాశారు. గొడవ ముదిరితే అది కమాండర్ టేబుల్ మీదికి వచ్చేది భార్య పేరుతో కాదు, మొగుడి పేరుతో.

అలాగని అసలు కుదరదనడం లేదు. రెండు చోట్ల రాతపూర్వకంగా అడగాలి. ఒకటి మీ హెచ్‌ఆర్: జర్మనీలో కంపెనీకి ఎంటిటీ (రిజిస్టరైన శాఖ) ఉందా, అక్కడ కూర్చున్న మనిషికి జీతం ఇవ్వగలరా, డేటా దేశం దాటొచ్చా. రెండోది అక్కడి గారిసన్ (బేస్) లీగల్ అసిస్టెన్స్ ఆఫీసు. సైనిక కుటుంబాలకి ఫ్రీ. విమానం ఎక్కాక కాదు, ఇప్పుడే మెయిల్ కొట్టండి.

ప్యోంగ్‌టేక్_పద్మ:

శ్రీను గారి మాటకి నా ఓటు. ఇక్కడ కొరియాలో, క్యాంప్ హంఫ్రీస్‌లో, మా బిల్డింగులోనే ఒకావిడ సరిగ్గా బుల్లోడు గారు చెప్పినట్టే చేసింది. చెల్లెలి ఇంట్లో రూటర్, అంతా పకడ్బందీ. ఓ రోజు చెల్లెలి ఇంట్లో కరెంటు పోయింది, లాగిన్ కొరియా అడ్రస్ నుంచి పడింది. సాయంత్రానికి అకౌంట్ లాక్, ఆ వారంలోనే ఉద్యోగం ఊడింది. పోతే పోయింది, తొలగింపు కారణం "కంపెనీ సెక్యూరిటీ నిబంధనల ఉల్లంఘన" అని రాశారు. ఆవిడ చేసేది కూడా సెక్యూరిటీ ఉద్యోగమే! ఆ కాగితంతో రేపు సెక్యూరిటీ క్లియరెన్స్ కావాల్సిన ఉద్యోగానికి ఎలా వెళ్తుంది?

ఒక్కో దేశం ఒక్కో తీరు అని కూడా గుర్తుపెట్టుకోండి. కొరియాలో మనకి ఏ-3 అనే వీసా స్టేటస్. బేస్ బయట కొరియా వాళ్ల దగ్గర పని చేయాలంటే ఇమిగ్రేషన్ అనుమతి వేరే తీసుకోవాలి. కాబట్టి కొరియాలోనో జపాన్‌లోనో ఉన్న స్నేహితురాలు "నేను చేస్తున్నాగా" అందని మీరు జర్మనీలో చేయకండి.

టైమింగ్ గురించి కూడా ఒక మాట. జర్మనీ ఎంతో నయం. మాకు న్యూయార్క్‌తో చలికాలంలో 14 గంటల తేడా. అక్కడ పొద్దున తొమ్మిదంటే ఇక్కడ రాత్రి పదకొండు. పిల్లలున్న ఇంట్లో అది ఉద్యోగం కాదు, శిక్ష.

ల్యాండ్‌స్టూల్_లలిత:

కోడలు గారూ, ముందు మీ చివరి మాటకి జవాబు. తేడా మీలో లేదమ్మా. డిఫెన్స్ శాఖ సర్వేల్లో యాక్టివ్ డ్యూటీ వాళ్ల భార్యాభర్తల్లో నిరుద్యోగం ఏళ్ల తరబడి 20 శాతం చుట్టూనే తిరుగుతోంది. ఇది చదువు లేక కాదు. ఈ జీవితం అలా ఉంటుంది.

ఇక అసలు విషయం. అందరూ ఉద్యోగం గురించే మాట్లాడుతున్నారు. నేను కాగితాల గురించి మాట్లాడతా, ఎందుకంటే విదేశీ బేస్‌లో మీ ఉద్యోగాన్ని నిర్ణయించేది రెజ్యూమె కంటే ముందు అవే.

మీ పేరు ఆర్డర్స్‌లో ఉందా? అంటే కమాండ్ స్పాన్సర్‌షిప్ (కుటుంబంతో రావడానికి సైన్యం ఇచ్చే అనుమతి) వచ్చిందా? కుటుంబం మొత్తానికి మెడికల్ స్క్రీనింగ్ అయితేగానీ అది రాదు, పాపది కూడా. "నేను ముందెళ్లి ఇల్లు చూస్తా, తర్వాత మీరు టికెట్ కొనుక్కుని రండి" అని కొందరు మొగుళ్లు తేల్చేస్తారు. అలా వెళ్తే బేస్ ఉద్యోగాల్లో ప్రాధాన్యం నుంచి ఇల్లు, స్కూలు దాకా అన్నీ చిక్కే. మీది ఇండియన్ పాస్‌పోర్ట్ కాబట్టి ప్రయాణం కాగితాల గురించి బేస్ పాస్‌పోర్ట్ ఆఫీసులో మొదటి రోజే అడగండి. అమెరికన్ భార్యలకి చెప్పే జవాబే మీకూ చెప్పి పంపేస్తారు, వినకండి, "నేను ఇండియన్ సిటిజన్ని" అని గట్టిగా చెప్పండి.

రెండోది సిటిజన్‌షిప్. బేస్‌లో జీఎస్ (ఫెడరల్ సివిలియన్) ఉద్యోగాలకి అది లేనిదే దాదాపు తలుపు తెరుచుకోదు. మీరు మూడేళ్లు ఆగాలి అనుకుంటున్నారేమో, అక్కర్లేదు.

కూకట్‌పల్లి_కోడలు:

లలిత గారూ, చివరి లైను అర్థం కాలేదు. సిటిజన్ భర్త ఉంటే గ్రీన్‌కార్డ్ వచ్చాక మూడేళ్లు అమెరికాలో ఉండాలి కదా? నాకు వచ్చి ఏడాది దాటిందంతే. అందుకే జర్మనీ వెళ్తే అది కూడా పోతుందని ఏడుస్తున్నా.

ల్యాండ్‌స్టూల్_లలిత:

మామూలు వాళ్లకి మూడేళ్లే. మీకు వేరే దారి ఉంది. ఇమిగ్రేషన్ చట్టంలో 319(బి) అనే సెక్షన్ చూడండి. ఉద్యోగరీత్యా విదేశంలో ఉండాల్సి వచ్చిన సిటిజన్ భర్తతోనో భార్యతోనో వెళ్తున్నవాళ్లు అన్నేళ్లు అమెరికాలో నివాసం ఉండాల్సిన పని లేదు. గ్రీన్‌కార్డ్ ఉండాలి, పోస్టింగ్ ఏడాదికి తగ్గకూడదు, అది అయ్యాక తిరిగి అమెరికాలోనే ఉంటామని చెప్పాలి. సైనికులు ఈ కోవలోకి వస్తారు. ఎన్-400 అనే సిటిజన్‌షిప్ దరఖాస్తుతో పాటు డీడీ 1278 అని ఒక ఫారం ఉంటుంది, దాన్ని ఆర్మీ వాళ్లు సంతకం పెట్టి ఇవ్వాలి. మీ ఆయన యూనిట్‌లో కాగితాల పని చూసే ఎస్-1 వాళ్లకి ఆ నంబర్ చెబితే బిత్తరపోతారు, ఓపిగ్గా రూల్ చూపించండి.

ఇంకొకటి 319(ఇ), 2008లో వచ్చింది. ఆర్డర్స్ మీద సైనికుడి వెంట విదేశంలో ఉన్న కాలం అమెరికాలో ఉన్నట్టే లెక్క. ఇంటర్వ్యూ, ప్రమాణం కూడా విదేశంలోనే జరిగే వీలుంది. ఇక్కడ కూడా మీ పేరు ఆర్డర్స్‌లో ఉండాలి. అందుకే మొదటి కాగితం గురించి అంత గోల చేశా.

నేను ఇలాగే అయ్యాను. నర్సింగ్ చదివింది గుంటూరులో, నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసింది అమెరికాలో, మొదటి ఫెడరల్ ఉద్యోగం దొరికింది మాత్రం జర్మనీలో.

చిత్తూరు_చిన్నమ్మ:

సిటిజన్‌షిప్ అంటే ఆలోచించుకోమ్మా. ఇండియా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి, తర్వాత ఓసీఐ (విదేశీ పౌరులైన భారతీయులకిచ్చే కార్డు) తీసుకోవాలి. ఓసీఐతో ఫ్లాట్ కొనొచ్చు, పొలం కొనకూడదు. నాన్నగారిచ్చేది వారసత్వంగా వస్తే సరే. మా తోడికోడలు ఇది తెలీకుండా మదనపల్లి దగ్గర మామిడితోటకి అడ్వాన్స్ ఇచ్చేసి తల పట్టుకుంది.

ఎన్‌సీఓ_శ్రీను:

మామిడితోట సంగతి వేరే థ్రెడ్‌లో 😀 కానీ చిన్నమ్మ చెప్పింది నిజం, సంతకం పెట్టేముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయమే.

సిటిజన్‌షిప్‌కి పెట్టే సివిక్స్ టెస్ట్ గురించి: 2025 అక్టోబర్ 20 నుంచి ఎన్-400 వేసేవాళ్లకి కొత్త పరీక్ష. 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 కరెక్ట్ కావాలి. పాత 100 ప్రశ్నల పీడీఎఫ్ వాట్సాప్‌లో ఇంకా తిరుగుతోంది, అది చదివి వెళ్లకండి.

కడెనా_కిరణ్:

కాస్త మగవాళ్లకి కూడా చోటివ్వండి. నేను భార్య వెంట వచ్చిన మొగుణ్ణి. ఆవిడ ఎయిర్‌ఫోర్స్‌లో, ఒకినావా కడెనాలో ఉన్నాం. ప్రొద్దుటూరులో పెళ్లికి పోతే "అల్లుడేం చేస్తాడు" అంటే మామ "జపాన్‌లో ఉంటాడు" అంటాడు. ఉండటమే నా ఉద్యోగం అన్నట్టు.

మెకానికల్ ఇంజనీర్ని. బేస్‌లో దొరికింది జిమ్ ఫ్రంట్ డెస్క్, నాన్-అప్రోప్రియేటెడ్ ఫండ్ ఉద్యోగం, అంటే ప్రభుత్వ బడ్జెట్ నుంచి కాకుండా బేస్ సొంత రాబడి నుంచి జీతమిచ్చేది. నామోషీ అనుకోకుండా చేరినా. ఆ బ్యాడ్జీతో లోపలి మనుషులు పరిచయమైనారు, తర్వాత సివిల్ ఇంజనీరింగ్ స్క్వాడ్రన్‌లో జీఎస్ ఉద్యోగానికి అప్లై చేస్తే వచ్చింది. కోడలు గారికి పనికొచ్చే మూడు సంగతులు చెప్తా.

పీసీఎస్ (పోస్టింగ్ బదిలీ) మీద వచ్చిన భార్యాభర్తలకి మిలిటరీ స్పౌజ్ ప్రిఫరెన్స్ ఉంది. 2008 నాటి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 13473 కింద పోటీ లేకుండా నేరుగా తీసుకునే వీలుంది. మేనేజర్లకి ఈ వీలు తెలియదు, మీరే కవర్ లెటర్లో రాయాల.

చాలామందికి తెలియనిది ఇంకో ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, 12721, ఇది 1990 నాటిది. విదేశంలో కుటుంబ సభ్యుల కోటాలో ఫెడరల్ ఉద్యోగం మొత్తం 52 వారాలు చేస్తే, అమెరికాకి తిరిగొచ్చాక మూడేళ్ల దాకా ఫెడరల్ ఉద్యోగాలకి బయటివాళ్లతో పోటీ పడకుండా అప్లై చేసుకోవచ్చు. చిన్న పోస్టైనా సరే ఈ 52 వారాలు పూర్తి చేసుకోండి. పదో నెలలో విసుగొచ్చి మానేసినోళ్లు ఉన్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రెజ్యూమె. ఫెడరల్ ఉద్యోగాల సైట్ యూఎస్ఏజాబ్స్‌లో ఇప్పుడు రెండు పేజీలే. ఒకప్పటి మాదిరి ఐదారు పేజీలు పోయడానికి లేదు. ప్రతి ఉద్యోగానికీ వారానికి ఎన్ని గంటలో రాయాల, అది లేకపోతే అనుభవం లెక్కలోకి రాదు. మాదాపూర్ ఉద్యోగం కూడా రాయండి, అదీ అనుభవమే.

ఇంకో మాట కూడా చెప్పాల. 2025 ఫిబ్రవరి చివర్లో డిఫెన్స్ శాఖ సివిలియన్ నియామకాలు ఆపేసినప్పుడు మా బేస్‌లో చేతికొచ్చిన ఆఫర్లు ఆగిపోయినాయి. ప్రిఫరెన్స్ ఉంటే ఉద్యోగం ఖాయం అని ఎవరన్నా చెబితే నమ్మొద్దు.

కూకట్‌పల్లి_కోడలు:

కిరణ్ గారూ, మీ మామగారి మాట చదివి నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. థాంక్స్ అండీ.

సిటిజన్‌షిప్ వచ్చేదాకా ఏం చేయాలి అన్నది ఇప్పుడు నా ప్రశ్న. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుంది. అక్కడి వాళ్ల గ్రూపులో అడిగితే "వాలంటీర్ చెయ్" అంటున్నారు. జీతం లేని పనికి నేనెందుకు వెళ్లాలి?

ప్యోంగ్‌టేక్_పద్మ:

వెళ్లకండి! ఈ మాట అంటే నన్ను తిడతారు గానీ అంటా. యూనిట్ ఫ్యామిలీ గ్రూపుల్లో కేకులు అమ్మడం, బెలూన్లు ఊదడం, కమాండర్ భార్య వచ్చే రోజు కుర్చీలు సర్దడం. అంతా అయ్యాక ఓ సర్టిఫికెట్, ఓ కాఫీ మగ్గు. నా డ్రాయర్ నిండా సర్టిఫికెట్లున్నాయి. నేను ఎంకాం, అకౌంట్స్ మనిషిని. ఒక్కళ్లూ నన్ను లెక్కలు చూడమనలేదు.

ఓరుగల్లు_రజిత:

పద్మక్కా, నీ కోపం కరెక్టే గని అన్నీ ఒక్క గాటన కట్టకు. నా కథ జెప్త ఇను.

నేను బీడీఎస్ జేసిన. మా ఆయన నేవీ, గప్పుడు జపాన్‌ల యొకొసుకల ఉంటుంటిమి. ఇండియా డెంటిస్టు అమెరికాల నోట్లె అద్దం పెట్టాల్నంటె మళ్ల డెంటల్ కాలేజీల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ సీటు దొరకాలె, రెండు మూడేండ్లు సదవాలె. దానికి ఐఎన్‌బీడీఈ పరీక్ష, రికమండేషన్ లెటర్లు. గా లెటర్లు ఎవరిస్తరు? హన్మకొండల మా ప్రొఫెసర్ ఇస్తడు, గని అమెరికన్ డెంటిస్టు రాసిస్తె వజనుంటది.

అమెరికన్ రెడ్‌క్రాస్ వాళ్లు కొన్ని బేస్‌లల్ల డెంటల్ అసిస్టెంట్ ట్రైనింగ్ నడుపుతరు. పైసలియ్యరు, పని మాత్రం మిలిటరీ క్లినిక్‌ల, అసలు డాక్టర్ పక్కన్నే. మొదటి రోజు సక్షన్ ట్యూబు నా చేతిల బెట్టి "ఇది ఇట్ల పట్టుకోవాలె" అని చిన్న పిల్ల నేర్పింది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. రూట్ కెనాల్ జేసిన చేతులాయె! ఊకున్న. నడిమిట్ల ఓ రోజు డాక్టర్ ఎక్స్‌రే చూస్కుంట ఏదో అడిగితె జవాబు చెప్పిన. గప్పుడడిగిండు నువ్వెవరివని. తర్వాత నాకు లెటర్ రాసిచ్చింది ఆయననే. ఇప్పుడు సీటొచ్చింది, కాలేజీల ఉన్న.

గందుకె అంటున్న, వాలంటీర్ పనికి పోయెముందు ఒకటె అడుగు: నా పని నా ఫీల్డోడు సూస్తడా, సూసి సంతకం పెడ్తడా? లేదంటె పోకు. బెలూన్లు ఊదుడు మనకొద్దు.

ప్యోంగ్‌టేక్_పద్మ:

సరే రజితా, నీ మాట ఒప్పుకుంటా, సగం. డెంటిస్టుకి క్లినిక్ ఉంది. అకౌంటెంటుకి, టెస్టర్‌కి ఆ పక్కన కూర్చునే కుర్చీ ఎక్కడుంటుందో ఎవరూ చెప్పరు. నాకు చివరికి పన్నుల సీజన్లో బేస్ ట్యాక్స్ సెంటర్లో దొరికింది, నేనే వెళ్లి అడిగితే. అది మాత్రం బాగుంది, ఒప్పుకోవాలి.

ల్యాండ్‌స్టూల్_లలిత:

ఆర్మీలో వాలంటీర్ గంటలకి వీఎంఐఎస్ అని ఆన్‌లైన్ లెక్క ఉంది. ఏ పనైనా అందులో ఎక్కించుకోండి. రెజ్యూమెలో వారానికి ఇన్ని గంటలు అని రాయడానికి ఆధారం ఉంటుంది.

లైసెన్సు ఉన్న వృత్తుల వాళ్లకి ఇంకొకటి: నర్సు, ఫార్మసిస్టు లాంటివాళ్లకి ఫెడరల్ ఆసుపత్రిలో పనిచేయడానికి అమెరికాలో ఏ ఒక్క రాష్ట్రం లైసెన్సు ఉన్నా చాలు. విదేశంలో ఉన్నాం కదా అని రెన్యువల్ వదిలేయకండి. తిరిగి వెళ్లేటప్పుడు, 2023 జనవరిలో సంతకమైన చట్టం ప్రకారం, సైనిక ఆర్డర్స్ మీద కొత్త రాష్ట్రానికి మారితే పాత లైసెన్సు చాలావరకు అక్కడ చెల్లుతుంది (లాయర్లకి వర్తించదు). కానీ లైసెన్సు బతికుండాలి. కొత్త లైసెన్సు ఫీజులు కట్టాల్సి వస్తే 1,000 డాలర్ల దాకా ఆర్మీ తిరిగి ఇస్తుంది, రసీదులు దాచండి.

ఎన్‌సీఓ_శ్రీను:

కోడలు గారి లైను ఐటీ కాబట్టి: మైకా స్కాలర్‌షిప్ చూశారా? మొత్తం 4,000 డాలర్లు, ఏడాదికి 2,000 మించకుండా. భర్త ర్యాంకుని బట్టి అర్హత, ఈ-5కి ఇబ్బంది లేదు. ఎంఎస్‌కి ఇవ్వరు. అసోసియేట్ డిగ్రీ, లైసెన్సు, సర్టిఫికెట్ వీటికే. కోర్సు మొదలుకాకముందే అప్రూవల్ కావాలి, సొంత డబ్బు కట్టేసి తర్వాత అడిగితే రాదు.

నా సలహా సెక్యూరిటీ ప్లస్ అనే సర్టిఫికెట్. డిఫెన్స్ నెట్‌వర్కుల మీద పనిచేసే చాలా పోస్టులకి అడిగేది అదే. ఆటోమేషన్ అనుభవం, సెక్యూరిటీ ప్లస్, సిటిజన్‌షిప్ మూడూ కలిస్తే మీరు కౌంటర్ గురించి ఆలోచించక్కర్లేదు. కాంట్రాక్టర్ కంపెనీలో అయితే జర్మనీలో డాక్పర్ అనే ఆఫీసు ఆమోదం వేరేగా కావాలి, అది కంపెనీ చూసుకుంటుంది గానీ టైం పడుతుంది.

ఇంకా చదవాలనుంటే యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్ గ్లోబల్ క్యాంపస్ యూరప్ బేస్‌లలో 1949 నుంచీ ఉంది. మీ ఆయన ఆరేళ్లు సర్వీసు చేసి, ఇంకో నాలుగేళ్లకి ఒప్పుకుంటే చదువు ఖర్చులిచ్చే జీఐ బిల్ మీ పేరు మీదికి మార్చొచ్చు. అది ఎంఎస్‌కి కూడా పనికొస్తుంది. ఆ నాలుగేళ్ల సంతకం మాత్రం ఇద్దరూ కూర్చుని పెట్టండి, ఆయనొక్కడే పెట్టి సర్‌ప్రైజ్ ఇవ్వకుండా చూసుకోండి.

చిత్తూరు_చిన్నమ్మ:

పిల్ల సంగతి ఎవరూ మాట్లాడరేం? రెండేళ్ల పిల్లని ఎవరు చూస్తారు?

ప్యోంగ్‌టేక్_పద్మ:

మంచి ప్రశ్న చిన్నమ్మా. బేస్ సీడీసీలో (పిల్లల్ని చూసే సెంటర్‌లో) చోటు కోసం మిలిటరీ చైల్డ్ కేర్ డాట్ కామ్‌లో ఇప్పుడే పేరు పెట్టాలి, ఆర్డర్స్ చేతిలో ఉంటే చాలు. వెళ్లాక పెడదాం అనుకుంటే ఉద్యోగం వచ్చినా పాపకి చోటుండదు.

మా పక్కింటి అమ్మాయి ఉపాయం ఇంకోటి. సీడీసీలోనే ఉద్యోగంలో చేరింది. పాపకి ఫీజులో పెద్ద తగ్గింపు, పైగా ఆర్మీ చైల్డ్ కేర్ ఉద్యోగులు తర్వాతి బేస్‌కి మళ్లీ మొదటి నుంచి అప్లై చేయకుండా బదిలీ అడగొచ్చు. ఇంజనీరింగ్ చదివి పిల్లల్ని ఆడించడమా అని వాళ్లమ్మ ఏడ్చింది. ఆ అమ్మాయి మాత్రం పీసీఎస్ అయిన ప్రతిసారీ జీతం ఆగకుండా వెళ్తోంది, మేం ఖాళీ చేతులతో వెళ్తున్నాం.

మిక్సీ కూడా చెప్పేస్తా, ఎలాగూ అడుగుతారు. జర్మనీలో 230 వోల్టులు, ఇండియాలాగే. కూకట్‌పల్లి మిక్సీ ప్లగ్ మార్చుకుంటే నడుస్తుంది, అమెరికాలో కొన్నవాటికే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మాకూ కొరియాలో 220.

ఎన్‌సీఓ_శ్రీను:

ఒకటి మర్చిపోయా. వెళ్లగానే ఆర్మీ వాళ్లిచ్చే యూరప్ డ్రైవింగ్ లైసెన్సు పరీక్ష రాసేయండి. విల్సెక్ పల్లెటూరు లాంటిదే, ఉద్యోగాలు సగం గ్రాఫెన్‌వోర్ వైపు ఉంటాయి. మీ ఆయన ఫీల్డ్ ట్రైనింగ్‌కి పోయిన వారం మీరు కదలాలంటే అది ఉండాలి.

కూకట్‌పల్లి_కోడలు:

అప్‌డేట్ ఇస్తున్నా, చదువుతున్నవాళ్లు చాలామంది మెసేజ్ చేశారు.

హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడిగాను. జర్మనీలో వాళ్లకి ఎంటిటీ లేదు, అక్కడ కూర్చుని పనిచేయడానికి వీల్లేదు అని రెండు లైన్లలో తేల్చేశారు. మేనేజర్ మాత్రం ఫోన్ చేసి, వెళ్లేదాకా ఉండమంది, రీహైర్‌కి అర్హురాలని ఫైల్లో రాయిస్తానంది. లీగల్ ఆఫీసు జవాబు కూడా శ్రీను గారు చెప్పినట్టే ఉంది: కంపెనీ ఒప్పుకున్నా పన్ను ప్రశ్న మీదే, ముందు మాతో మాట్లాడండి అన్నారు. అంటే ఈ ఉద్యోగం ఇక్కడితో సరి. రెండు రోజులు బాగా ఏడ్చాను, అబద్ధం చెప్పను.

కమాండ్ స్పాన్సర్‌షిప్ వచ్చింది, పాప పేరు, నా పేరు ఆర్డర్స్‌లో ఎక్కాయి. డీడీ 1278 అంటే ఎస్-1లో ఉన్న కుర్రాడు నిజంగానే బిత్తరపోయాడు లలిత గారూ, మీరు చెప్పినట్టే. వాళ్ల సార్జెంట్ వచ్చి చేయించింది. ఎన్-400 వేసేశాం. నాన్నకి ఫోన్ చేసి పాస్‌పోర్ట్ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పొలం నీ పేరు మీద రాస్తే చెల్లుతుందా" అని అడిగారు. చిన్నమ్మ గారి పోస్టు చదివి వినిపించాను.

సెక్యూరిటీ ప్లస్ మైకాకి పెట్టాను, కోర్సు ఇంకా మొదలుపెట్టలేదు, అప్రూవల్ వచ్చాకే. సీడీసీ లిస్టులో పాప పేరుంది. ఒక డౌటు: ఇంటర్వ్యూ రాకముందే ఫ్లైట్ డేట్ వస్తే ఏం చేయాలి?

ల్యాండ్‌స్టూల్_లలిత:

ఫైల్ అమెరికాలో ఉండగా వెళ్లిపోవాల్సొస్తే కంగారు పడకండి. అడ్రస్ మార్పు వెంటనే పంపండి, సైనిక కుటుంబాల కోసం ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి మిలిటరీ హెల్ప్‌లైన్ ఉంది, దానికి ఫోన్ చేసి ఆర్డర్స్ ఉన్నాయని చెప్పండి. ఆర్డర్స్ కాపీ, పెళ్లి సర్టిఫికెట్, గ్రీన్‌కార్డ్ చేతి సంచిలో పెట్టుకోండి, కంటైనర్‌లో సామానుతో పంపకండి. సామాను చేరడానికి వారాలు పడుతుంది.

కడెనా_కిరణ్:

రెజ్యూమె రెండు పేజీలకి కుదించి నాకు మెసేజ్ పెట్టండి, చూసి చెప్తా. పేరు, అడ్రస్ తీసేసి పంపండి.

బెజవాడ_బుల్లోడు:

సరే, నా వీపీఎన్ సలహా వెనక్కి తీసుకుంటున్నా, అందరూ శాంతించండి. నిజంగానే ఒక డౌటు. మా బాబాయి కూతురి భర్త మెరైన్స్‌లో ఉన్నాడు, ఇవాకుని వెళ్తున్నారు. అమ్మాయి హైదరాబాద్‌లో ఆర్కిటెక్ట్, గ్రీన్‌కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. తనకీ ఈ 319 వర్తిస్తుందా?

ఎన్‌సీఓ_శ్రీను:

గ్రీన్‌కార్డ్ చేతికి వచ్చేదాకా కాదు. ఆమెనే ఇక్కడికొచ్చి కొత్త థ్రెడ్ పెట్టమనండి, జపాన్ రూల్స్ వేరు కాబట్టి కిరణ్, రజిత చెప్పగలరు. పెట్టేటప్పుడు ముందు ఒక్కటి రాయమనండి: ఆర్డర్స్‌లో ఆమె పేరుందా, లేదా?